జిగురు ఆరని పక్కటెముక

లెలాండ్,

మా అమ్మ భోజనాల బల్ల పలకకు మేకులు దిగ్గొట్టి, నీ విమానం రెక్కలో అమర్చే చెక్క పక్కటెముకలు అతికే అచ్చుగా మార్చే ముందు నన్నెందుకు అడగలేదు? పైగా "అది బల్ల కాదే వెర్నా, రెక్కకు ఉయ్యాల" అని పరిహాసం.

ఈ ఉదయం చర్చి విందుకు ఆ పలక కావలసివచ్చి, కోపంతో అచ్చులోని పక్కటెముకను ఊడబెరికాను. జిగురు ఆరలేదని వేళ్లకు అంటుకున్నాకే తెలిసింది. నా తప్పు కనబడకుండా దాన్ని గోడకు వేలాడుతున్న మంచివాటిలో కలిపేశాను. ఇప్పుడు ఏది అదో నేనే గుర్తుపట్టలేకపోతున్నాను. అవన్నీ చలికాలమంతా నీవు పడిన శ్రమ. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

సూప్ పొయ్యి మీద ఉంది.

వెర్నా

తా.క. పలక సంగతి తరువాత తేల్చుకుందాం. ఆ అతుకు గాలిలో ఊడితే రెక్క నిలవదు; నేను విందు నుంచి తిరిగివచ్చేలోగా గోడనున్న పక్కటెముకలన్నింటినీ విరిచెయ్యి, ఒక్కటీ మిగల్చకుండా.