సాసేజికి పెట్టిన సంతకం

పోర్ట్ అగస్టా, ఆస్ట్రేలియా,
మంగళవారం

నోరీన్ అత్తయ్యకు,

మీ ఎదుటికి రావడానికి మొహం చెల్లక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పనిచేసే హైడ్రోజన్ కంపెనీ మనవాళ్ల కోసం పెట్టిన సభలో భోజనాల దగ్గర కాగితం పట్టుకుని నిలబడింది నేనే. "ఏమే పిల్లా, సాసేజికి కూడా సంతకమా? తిని పారిపోతామనా?" అని నవ్వుతూనే మీరు సంతకం పెట్టారు. ఎంతమంది తిన్నారో తెలియడానికే అనుకున్నాను.

తర్వాత మేనేజరు హైడ్రోజన్ తయారీకి మన ఊట నీళ్లు వాడుకుంటామని చెబితే మన ఆదివాసీ పెద్దలందరూ నేల చూస్తూ కూర్చున్నారు. ఆయన నావైపు తిరిగి, "ఎవరూ కాదనలేదుగా? ఒప్పుకున్నట్టేగా?" అన్నాడు. మనవాళ్లు మాట్లాడలేదంటే ఇంకా ఆలోచిస్తున్నారని మీ ఇంట్లో పెరిగిన నాకు తెలియదా? అయినా తల ఊపాను. ఆ నలభై మూడు సంతకాలూ ఒప్పుకోలు కింద ప్రభుత్వానికి వెళ్లాయి. వాటితో పాటు వెళ్లిన ఉత్తరం రాసింది కూడా నేనే.

పొగ లేని ఇంధనం రావాలని నాకూ ఉంది. కానీ మిమ్మల్ని అడిగి రావాలి.

అభ్యంతరాలకు శుక్రవారమే గడువు. ఫారం ఇందులో పెట్టాను. ఒప్పుకున్నారని ఎవరు చెప్పారని అందులో అడుగుతారు. "మా అన్న కూతురే చెప్పింది" అని రాయండి, అత్తయ్యా. నా పేరు దాచకండి.

మీ మేనకోడలు