వంత

మార్చి 4

ఇవాళ్టి నుంచి మూడు వారాలు నోరు మూసుకోవాలి. గొంతులోంచి బఠాణీ గింజంత కాయ తీసేశారు. డాక్టరుగారు మాట్లాడొద్దన్నారు, పాడొద్దన్నారు, గుసగుసలైతే అసలే వద్దన్నారు. మామూలు మాటకంటే గుసగుసే ఎక్కువ హాని చేస్తుందిట. మరి నవ్వొచ్చా అని పలక మీద రాసి చూపించాను. మీ ఇంట్లో అంత నవ్వొచ్చే సంగతులేం జరుగుతాయండీ అన్నారు. పాపం, ఆయనకి మా ఇల్లు తెలియదు.

ఇంట్లో నలుగురం కలిసి ఓడపాటల బ్యాండు నడుపుతున్నాం. మావారు బేస్ గిటార్, మరిది అకార్డియన్, తోడికోడలు డ్రమ్స్. పాట ఎత్తేది నేను. వెనకటికి ఓడల మీద తెరచాప ఎత్తాలంటే మోకు పట్టుకుని వరసగా నిలబడేవాళ్ళు. ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు వంత పాడుతూ లాగేవాళ్ళు. ఆ పాటల్ని పాత టేపుల్లోంచి ఏరుకుని, మా వాయిద్యాలు తగిలించి, స్టేజీ ఎక్కిస్తున్నాం.

ఇప్పుడు స్టేజీ కాదు, నిజం ఓడే. రేవులో పాత ఓడ ఒకటి బాగుచేశారు. వచ్చే నెల పద్దెనిమిదిన పెద్ద తెరచాప ఎత్తుతారు. మోటారు లేదు, మా పాట, మనుషుల చేతులు, అంతే. అక్కడ పాట ఎత్తాలనే ఈ మౌనం. లేకపోతే నేను నోరు మూసుకునే రకమా?

మార్చి 5

మాట్లాడలేదు.

మార్చి 7

మావారు తడి తువ్వాలు మళ్ళీ మంచం మీదే పడేశారు. పలక వెతుక్కుని, సుద్దముక్క వెతుక్కుని, రాసేసరికి సగం కోపం చల్లారిపోయింది. మిగతా సగం ఆయన చదివి, ఇక్కడ ఒత్తు తప్పిందన్నారు.

ఇదంతా నా ఉద్యోగం తెచ్చిన తంటా. ఈత కొలనులో పిల్లలకి నేర్పుతాను. నీళ్ళలో తల ముంచిన పిల్లలకి వినపడేలా పొద్దున్నంతా అరవడం, సాయంత్రం ఇంటికొచ్చి పాడటం. కాయ కాయదూ మరి!

మార్చి 11

గ్యారేజీలో రిహార్సల్. నా గొంతు వచ్చేదాకా, ప్రాక్టీసుకి మాత్రమే, తోడికోడలు పాట ఎత్తుతుందని మరిది అన్నాడు. మాత్రమే అన్న మాట రెండుసార్లు నొక్కాడు. ముగ్గురూ నా వంక చూశారు. తలూపక ఏం చేస్తాను?

ఆవిడది పీల గొంతు, కానీ గట్టిది. గొడవల్లా తొందర. వంత పూర్తికాకుండానే తర్వాతి చరణం అందుకుంటోంది. స్టేజీ మీదైతే ఎవరూ పట్టించుకోరు. మోకు లాగేవాళ్ళకి మాత్రం ఊపిరి తీసుకునే సందుండదు. పాట అయిపోయాక ఎలా ఉందక్కా అని అడిగింది. పలక ఒళ్ళోనే ఉంది. బొటనవేలు ఎత్తి చూపించాను.

మార్చి 12, ఉదయం 6

నాకు కుళ్ళు. ఇంకో పేరు లేదు దానికి.

మార్చి 19

ఓడ మీద ట్రయల్. ఓడ మేస్త్రి రేవులో పనిచేసేవాళ్ళని పిలిపించి వరసలో నిలబెట్టాడు. మనుషులు తక్కువయ్యారని మావారు కూడా వెళ్ళి మోకు పట్టుకున్నారు. తోడికోడలు పాట ఎత్తుకుంది. మొదట బాగానే లాగారు. తర్వాత తర్వాత అందరికీ ఆయాసం. ఊపిరి తీసుకుందామనుకునేలోపే చరణం అయిపోయి మళ్ళీ లాగాల్సొస్తోంది. సగం దూరం వెళ్ళాక పట్లు వదిలేశారు. మోకు సర్రున జారింది. మావారు వదల్లేదు. అరచేతులు రెండూ ఒరుసుకుపోయాయి.

ఆస్పత్రిలో కట్లు కడుతుంటే తోడికోడలు ఒకటే ఏడుపు, బావగారి చేతులు పాడుచేశానని. పెద్ద దెబ్బేం కాదు, రెండు వారాల్లో తగ్గుతుందన్నారు. అయినా ఆగలేదు. చూడలేకపోయాను. పలక తీసి రాశాను: నీ తొందర మొదటి రోజే గమనించాను, కావాలనే చెప్పలేదు.

చదివింది. మళ్ళీ చదివింది. ముక్కు తుడుచుకుంది. నోరు కట్టేసినా కరుస్తావు కదక్కా నువ్వు, అంది.

కాసేపటికి, సరే, ఎలా పాడాలో చూపించు, అంది. మావారు ఇద్దరినీ చూసి, ముందు నాకు కాస్త మంచినీళ్ళు పట్టండి, చేతుల్లేవు అన్నారు.

మార్చి 20

ఆవిడ వీపు మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. మావారూ మరిదీ వంత పాడారు. వంత అయ్యాక వాళ్ళు గాలి పీల్చుకునేదాకా నా చెయ్యి కదలదు. పీల్చుకున్నాక ఒక్కసారి నొక్కుతాను. అప్పుడు ఎత్తుకోవాలి. సాయంత్రానికి నా చెయ్యి అక్కర్లేకుండా పోయింది. ఇంత తొందరగా నేర్చుకోకపోతే ఏం?

మార్చి 25

మౌనం అయిపోయింది. డాక్టరుగారు ఆ అనమన్నారు. అన్నాను. ఎవరో అన్నట్టుంది. ఆయన సంబరపడిపోయారు, పుండు చక్కగా మానిందన్నారు. కింది స్థాయి వస్తుంది, పై స్థాయి రాకపోవచ్చన్నారు. రాదా, రాకపోవచ్చా అని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆశ పెట్టుకోకండమ్మా అన్నారు.

బస్సులో ఏడ్చాను. ఇన్నాళ్ళ అలవాటు కదా, చప్పుడు కాలేదు.

మార్చి 26

తలుపేసుకుని పాడి చూశాను. పైకి వెళ్ళేసరికి గాలే.

ఏప్రిల్ 2

పాట శ్రుతి దించేద్దాం, వదినే ఎత్తుతుందని మరిది పట్టుబట్టాడు. దించాం. ఓడ మీదికి తీసుకెళ్ళి పాడించారు. మేస్త్రి నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి, మొదలుపెట్టండమ్మా అన్నాడు. అప్పటికి రెండు చరణాలు పాడేశాను.

ఇంటికొచ్చాక నువ్వే ఎత్తు అని తోడికోడలితో అన్నాను. ససేమిరా అంది. అది నీ చోటక్కా, నేను నిలబడను అంది. దెబ్బలాడాను. అరవలేని మనిషి దెబ్బలాట ఎవరికి ఆనుతుంది? చివరికి, నువ్వు ఎత్తు, నీ వెనక నేను వంత పాడతాను అన్నాను. మావారు పకపకా నవ్వారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఎవరికీ వంత పాడని మనిషివి, ఇప్పుడు నేర్చుకుంటావా అన్నారు. అందరం నవ్వాం. అందరికంటే ముందు నేనే ఆపేశాను.

ఏప్రిల్ 18, సాయంత్రం

చేతులు బొబ్బలెక్కాయి. పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉంది. అయినా రాయాలి.

జనం బాగా వచ్చారు. మావారి చేతులు మానాయి, బేస్ వాయించారు. నేను వరసలో, మేస్త్రి వెనక నిలబడ్డాను. గరుకు మోకు, తారు వాసన. తోడికోడలు ఎత్తుకుంది. హైలెస్సా అని లాగాం. అమ్మో, ఎంత బరువు! ఇన్నేళ్ళు మైకు ముందు నిలబడి లాగమని పాడాను కానీ నేనెప్పుడూ లాగలేదు. పాట ఎత్తేవాళ్ళ చరణం లాగేవాళ్ళకి విశ్రాంతి. పనంతా వంతలోనే ఉంది. నోటితో చెప్పడమే కానీ, ఒంటికి ఇవాళే తెలిసింది.

తెరచాప ముప్పావు దాకా లేచి ఆగిపోయింది. ఒళ్ళంతా చెమటలు. ఎవరో వదిలేద్దామన్నారు. తోడికోడలు పాటలోని చరణాలు పక్కన పెట్టి, సొంతంగా కట్టడం మొదలుపెట్టింది. మేస్త్రి పొట్ట మీద ఒకటి కట్టింది. జనం గొల్లుమన్నారు, మోకు కాస్త కదిలింది. తర్వాత నావంక తిరిగింది.

అందర్నీ హడలగొట్టే మా అక్క నోరేదీ?
హైలెస్సా!
మోకుకి కట్టి ఎక్కించాం, దింపితే మీ ఖర్మ!
హైలెస్సా!

నవ్వాను. పొట్ట పట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు. నా నవ్వు బొంగురుగా, లావుగా, నాకే కొత్తగా వచ్చి వంతలో కలిసిపోయింది. లాగాం. తెరచాప పైకి తగిలింది. గాలి పట్టింది.

ఆవిడకి జవాబు చరణం నా నోట్లో సిద్ధంగా ఉంది. పాత గొంతుంటే అక్కడికక్కడ అప్పజెప్పేదాన్ని. ఆ గొంతు కావాలనిపించింది. చాలా కావాలనిపించింది.

ఏప్రిల్ 21

లోను ఇస్తామని పొద్దున్నే ఎవరో అమ్మాయి ఫోన్ చేసి, సార్ అంది. సరిదిద్దలేదు. వద్దమ్మా అని నెమ్మదిగా చెప్పి పెట్టేశాను. మావారు వంటింట్లోంచి తొంగిచూసి, మగగొంతు వినపడింది, ఎవరొచ్చారు అన్నారు.

వంతకి కొత్తగా వచ్చారండీ, ఇక మనింట్లోనే ఉంటారట, అన్నాను.