నాలుగు రేజర్లు, సగం సెలూన్

డెబ్బై నాలుగేళ్ళు నిండి, ముప్పై ఆరేళ్ళు నూలు మిల్లులో ఫిట్టరుగా పనిచేసి రిటైరై, అక్కడ అందరి చేతా "పానా మేస్త్రి" అనిపించుకున్న నేను నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉంది. చెయ్యి వణుకుతోంది, అందుకే దస్తావేజు లేఖరి గారి చేత రాయిస్తున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నన్ను బలవంతపెట్టే ఓపిక ఈ ఇంట్లో ఎవరికీ మిగల్లేదు. గుండె సంగతి డాక్టరు గారు చెప్పాక, ఇక వాయిదా వేయడం మంచిది కాదనిపించింది. దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు.

1. నేను కట్టించిన రెండు గదుల ఇల్లు, వంటిల్లు, వెనక పంపు సహా, నా భార్యకు సర్వహక్కులతో చెందుతుంది. ఆమె తదనంతరం మా అబ్బాయికి. ఇందులో పేచీ ఏమీ లేదు. ఆమెకే చెందవలసిన ఇంకో వస్తువు బాత్‌రూమ్ గూట్లో ఉన్న పటిక ముక్క. నలభై ఏళ్ళకు పైగా రోజూ పొద్దున్నే నేను గడ్డం గీసుకుని బయటికి రాగానే, ఆమె నా మొహం చూసి "ఇవాళ ఎన్ని?" అని అడిగి, పటిక తడిపి గాట్లకు రాసేది. ఒక్కనాడూ మానేయమని అనలేదు. అనుంటే బాగుండేది. ఆ ముక్క ఆమె పారేసినా నాకు అభ్యంతరం లేదు. ఇన్నాళ్ళూ రాసినందుకు మాత్రం ఆమెకు నా నమస్కారం.

2. నా రెండంచుల బ్లేడు రేజర్లు నాలుగింటినీ ఎవరికీ ఇవ్వడం లేదు. పాత ఇనుప సామాను కొనేవాడికి వేసేయాలి. వాటి సంగతి చెప్పకపోతే కింద రాయించేది ఎవరికీ అర్థం కాదు కనక చెప్తున్నాను.

మొదటిది మూడు ముక్కల ఇత్తడిది. మిల్లులో చేరిన కొత్తలో కొన్నాను. మా నాన్నకు సెలూన్ ఉండేది. సెలూన్ వాడి పెద్దకొడుకు రేజరు కొనుక్కోవడమేమిట్రా అని ఆయన నవ్వాడు. ఏం చేయను, నా షిఫ్టు ఆరింటికి, ఆయన తలుపు తీసేది ఏడింటికి. ఆ రేజరులో బ్లేడు కింద వచ్చే పలకకు ఒకవైపు నున్నగా, మరోవైపు గరుకు గీతలుగా ఉంటుంది. మిల్లులో గీతలున్న వైపు ఎప్పుడూ లోపలికే, పట్టు కోసం. నేనూ అలాగే గీతల్ని బ్లేడుకు ఆనించి బిగించాను. పెట్టెలో ఎలా బిగించాలో బొమ్మ వేసిన కాగితం ఉంది. ఫిట్టరునై ఉండి కాగితం చూసి బిగించడమా? చూడలేదు. మొదటిరోజే మూడు చోట్ల తెగింది. కొత్తలో అంతేలే అనుకున్నాను. ఆ కొత్త ఇరవై తొమ్మిదేళ్ళు నడిచింది.

రెండోది, పిడి కింద తిప్పితే తల రెండు తలుపుల్లా తెరుచుకునేది. ఇందులో తిరగేసి బిగించడానికి ఏమీ లేదు, అయినా కోసింది. మొదటిదానితో కుస్తీ పట్టీ పట్టీ గట్టిగా నొక్కడం చేతికి అలవాటైపోయింది మరి. నురగ ఎండి ఒక తలుపు మూసుకోవడం మానేసింది. మూడోదానికి మెడ దగ్గర ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్నాయి. తొమ్మిదిలో చర్మం లేచింది, ఒకటిలో గడ్డం మిగిలింది, అయిదులో రెండూ జరిగాయి. నాలుగోది పొడుగు పిడిది, రిటైరైన రోజున తోటి ఫిట్టర్లు ఇచ్చారు. అదీ మూడు ముక్కలదే. మళ్ళీ అదే మనిషి, అదే బిగింపు. కొన్న ప్రతిసారీ ఇదైనా బాగుంటుందని ఆశపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే విసుగొస్తోంది.

3. నా చేతి గడియారం మా అబ్బాయికి. పద్దెనిమిదో ఏట వాడికి గడ్డం గీసుకోవడం నేర్పింది నేనే, నేను బిగించిన రేజరుతోనే. రెండు వారాలు ఓర్చుకుని వాడు గడ్డం పెంచేశాడు. రౌడీలా ఆ గడ్డమేమిట్రా అని పాతికేళ్ళు సతాయించాను. వాడిది ఫ్యాషనూ కాదు, పొగరూ కాదు, ప్రాణభయం. తప్పు నాదే నాన్నా. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా వాడికే అప్పగిస్తున్నాను.

4. నా పనిముట్ల పెట్టె, పానాలన్నిటితో సహా, మా కోడలికి. కాగితం చదివి వస్తువు బిగించే మనిషి ఈ ఇంట్లో ఆమె ఒక్కతే. రెండేళ్ళ కిందట గూడు కడుగుతూ పొడుగు పిడి రేజరు చేతిలోకి తీసుకుని, "మామయ్యగారూ, దీన్ని తిరగేసి పెట్టినట్టున్నారే" అంది. ఫిట్టరుకి నువ్వు చెప్పొచ్చావా అని కసిరాను. మర్నాడు బాత్‌రూమ్ గడియ పెట్టుకుని, పలక తిప్పి బిగించి, గీసుకున్నాను. చుక్క రక్తం రాలేదు. మా ఆవిడ అలవాటుగా పటిక పట్టుకుని వచ్చి, నా మొహం చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నిజంగానే బాగాలేదు, బయటికొచ్చి స్టూలు మీద కూలబడి ఉన్నాను. ఎందుకో కింది అంశంలో ఉంది. మరో రెండు నెలలకు చేతికి వణుకు పట్టుకుంది, రేజరు ముట్టడం మానేశాను. అప్పటినుంచి మా ఆవిడే వారానికోసారి కత్తెరతో కత్తిరిస్తోంది. అమ్మాయీ, ఆ రోజు నువ్వన్నది నిజం. ఎదురుగా చెప్పడానికి నోరు రాలేదు.

5. మా నాన్న సెలూన్, రెండు కుర్చీలు, గోడ పొడుగునా అద్దం, వెనక గది సహా, నాకూ మా తమ్ముడికీ చెరిసగం. ఆ పని నేర్చుకున్నదీ, ఇప్పటికీ నడుపుతున్నదీ తమ్ముడే. ఇరవై మూడేళ్ళుగా మాకు మాటల్లేవు. నాన్న పోయిన రోజు ఆయన గడ్డం మాసి ఉంది. పెద్దవాణ్ణి కదా, నేను చేస్తానని నా ఇత్తడి రేజరు తీసుకెళ్ళాను. వచ్చిన జనం అందరి ముందూ తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "నువ్వొద్దన్నయ్యా. ముందు నీ మొహం చూసుకో. నాన్నని కూడా కోస్తావు" అన్నాడు. ఆ పొద్దున నా మొహం మీద, రక్తం ఆగడానికి, నాలుగు పేపరు ముక్కలు అంటించి ఉన్నాయి. వాడే చేశాడు, ఏడుస్తూ చేశాడు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. నాన్న మొహం ఆఖరుసారి ముట్టుకోనివ్వలేదని నాకు కడుపు మండిపోయింది.

ఆ తరువాత నేను ఆ సెలూన్ మెట్టెక్కలేదు. వెనక గోడ బీటలిచ్చిందట, వాన పడితే రెండో కుర్చీ తడుస్తోందట. గోడ తీసి కట్టుకోవాలంటే నా సంతకం కావాలి. దానికోసం వాడు మూడుసార్లు మనిషిని పంపాడు, మూడుసార్లూ చూద్దాంలే అన్నాను. గీసుకోవడం నాకూ వచ్చని చూపించి మరీ సంతకం పెడదామనుకున్నాను. రెండో రేజరూ మూడో రేజరూ అందుకే కొన్నాను. వాడన్నది నిజమనీ, నేను నాన్నని కోసే ఉండేవాణ్ణనీ, పలక తిప్పిన రోజున తెలిసింది. తెలిసి కూడా రెండేళ్ళు ఊరుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? కాబట్టి సెలూన్‌లో నా సగం వాటా నా మరణానంతరం మా తమ్ముడికి సర్వహక్కులతో చెందుతుంది.

6. నేను పోయాక నా గడ్డం మా తమ్ముడే చేయాలి. ఇంకెవరూ, ముఖ్యంగా మా అబ్బాయి, రేజరు పట్టుకోరాదు. అప్పుడు నేను ఎదురు చెప్పలేను కనక తమ్ముడికి పని సులువుగా ఉంటుంది.

ఇంతవరకూ గురువారం రాయించాను. సంతకాలు సోమవారం పెట్టుకుందామన్నాం. ఈలోగా జరిగినదాన్ని బట్టి ఈ కిందివి చేర్చడమైనది.

7. లేఖరి గారు ప్రతి శుక్రవారం గడ్డం చేయించుకునేది మా తమ్ముడి దగ్గరేనన్న సంగతి నాకు తట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, మొత్తం కక్కేశారు. వీలునామా గుట్టుగా ఉంచాల్సింది కాదుటండీ అని దులిపేస్తే, తల వంచుకుని, మా తమ్ముడి కబురు చెప్పారు. వాటా గురించి వాడు ఒక్క మాట అడగలేదట. కత్తి పక్కన పెట్టేశాడట. తరువాత, "ఆరోది నేనొప్పుకోను. నాన్నకి చేశాను, చాలు. ఇంకోసారి నా వల్ల కాదు. అన్నయ్యని బతికున్న మొహం పట్టుకుని రమ్మనండి" అన్నాడట.

కాబట్టి ఆరో అంశం రద్దు. ఈ ఉదయం వెళ్ళాను. పలక సంగతి వాడి ఎదుట ఒప్పుకున్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "పక్కకి పిలిచి చెప్పాల్సింది అన్నయ్యా, అందరి ముందూ అన్నాను" అన్నాడు. వాడికి మోకాళ్ళ నొప్పులు, నిలబడలేడు. ఎత్తు స్టూలు మీద కూర్చుని నాకు గడ్డం చేశాడు. ఎక్కడో ఒకచోట తెగుతుందని నేను ఒళ్ళంతా బిగబట్టుకుని ఉంటే, "వదులు అన్నయ్యా" అని రెండుసార్లు అన్నాడు. వదిలాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

8. మధ్యాహ్నం రిజిస్ట్రారు ఆఫీసులో నా సగం వాటా తమ్ముడి పేర రాసిచ్చి సంతకం చేశాను. అందుచేత అయిదో అంశం కూడా రద్దు. వీలునామా కింద ఆస్తి పొందేవాళ్ళు దానికి సాక్షులుగా ఉండకూడదని లేఖరి గారు చెప్పారు. దీని కింద మా తమ్ముడికి నా నుంచి ఇక రావలసిందేమీ లేదు. కనక వాడు సాక్షి సంతకం చేయవచ్చు. పెన్ను అడిగి తీసుకున్నాడు.

తేదీ: మార్చి పద్దెనిమిది, సోమవారం, సాయంత్రం నాలుగు గంటలు, సెలూన్‌లో.

సంతకం: పానా మేస్త్రి, రిటైర్డ్ ఫిట్టరు (గీత వణికింది గానీ నాదే)

సాక్షులు:
1. దస్తావేజు లేఖరి
2. తమ్ముడు, ఈ సెలూన్ పూర్తి యజమాని