సగం గ్లాసు పాలు

అక్కగారికి,

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అది అబద్ధమే, కానీ ఉత్తరం అలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు చెవి మెలిపెట్టి నేర్పింది నువ్వే కాబట్టి రాశాను. నువ్వు క్షేమంగా ఉన్నావా అని అడగక్కర్లేదు. ఒంట్లో ఓపిక లేనివాళ్లు ఎనిమిది పేజీల తిట్లు రాయలేరు. 'గారు' అన్నానని పొంగిపోకు, ఒళ్లు మండినప్పుడు నాకు మర్యాద ఎక్కువవుతుంది.

ఫోను చెయ్యడానికేం రోగం అని అడిగావు. ఫోనులోంచి ఎవరో తన మాటలు వింటున్నారని అమ్మ దాన్ని సబ్బునీళ్ల బకెట్లో ముంచేసింది. ఈ సంగతి నీకు రెండు ఉత్తరాల కిందటే రాశాను. నా ఉత్తరాలు చదవకుండానే జవాబులిస్తున్నావని ఇప్పుడు అర్థమైంది.

ఇక నీ మిగతా ప్రశ్నలు. అమ్మ చిక్కిందా? చిక్కింది. తిండిలో ఎవరో విషం కలుపుతున్నారని ఇంకా అంటోందా? అంటోంది. ఎవరైనా వస్తే తలుపు తీస్తోందా? తియ్యదు. స్నానం? నేను బయట నిలబడి ఆపకుండా పాడుతుంటే చేస్తుంది. పాట ఆగిందంటే నన్నెవరో ఎత్తుకుపోయారని సబ్బు నురగతోనే బయటికొచ్చేస్తుంది. నాకొచ్చినవి నాలుగే పాటలు. పక్కింటివాళ్లకి అవి కంఠతా వచ్చేశాయి, మొన్న రెండో చరణం తప్పు పాడితే గోడవతల నుంచి సరిదిద్దారు.

నువ్వు పంపిన కాగితాలు అందాయి. ఊరికి దూరంగా ఆ సంరక్షణాలయం, దాని తోట, దాని ఎత్తైన ప్రహరీ, అన్నీ ఫోటోలో చూశాను. 'అమ్మ చేత ఎలాగోలా సంతకం పెట్టించి ఉంచు, పన్నెండో తారీకున కారు తెచ్చి తీసుకెళ్లిపోతాను' అన్నావు. 'ఏడాది పైగా మందు వాడాం, మోతాదు రెట్టింపు చేశాం, అయినా గుణం లేదు, ఇక మన చేతుల్లో లేదు' అని కూడా అన్నావు. ఏ చేతులక్కా అవి? నువ్వక్కడ మందుల దుకాణంలో కౌంటరు వెనక కూర్చుని, వచ్చినవాళ్లకల్లా ఏ బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో చెప్పి పంపిస్తావు. ఇంటికొచ్చి వాళ్లు వేసుకున్నారా, ఉమ్మేశారా అన్నది నీకక్కర్లేదు. మమ్మల్ని కూడా ఆ వరసలోనే నిలబెట్టావు.

అన్నిటికంటే నాకు మంట పుట్టించిన ముక్క ఐదో పేజీలో ఉంది. నేను క్లాసులో నిద్రపోతున్నాననీ, పరీక్షలో సగం పేపరు తెల్లగా ఇచ్చి వచ్చాననీ లెక్కల టీచరు నీకు రాశారట. దానికి నువ్వడిగిన ప్రశ్న, 'ఎవడే వాడు?' ఎవడూ లేడు తల్లీ. ఉంటే కనీసం కూరగాయల సంచీ అయినా మోయించుకునేదాన్ని. బద్ధకం పెరిగిందనీ, కళ్లు నెత్తికెక్కాయనీ ఇంకో పేజీన్నర ఉతికావు. దానికి జవాబు చెప్పాలంటే ఇన్నాళ్లూ నీకు చెప్పనిది చెప్పాలి. చెప్పకపోతే పన్నెండున కారు వస్తుంది కాబట్టి చెబుతున్నాను.

అమ్మ మొదట్లో బిళ్ళలు నాలుక కింద దాచి తూములో ఉమ్మేసేది, గుర్తుందా? అప్పుడు నువ్వే ఉపాయం చెప్పావు. మెత్తగా పొడి చేసి పాలల్లో కలిపెయ్యి, తెలియకుండా తాగేస్తుంది, అని. ఎవరికి తెలియకుండా? ఇరవై ఏళ్లు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు సానపట్టిన మనిషికి. ఒక్కో అద్దాన్నీ కిటికీ వెలుగుకి ఎత్తి, వెంట్రుకంత గీత ఉన్నా పక్కకి తోసేసిన మనిషికి. మొదటిరోజు పాలిస్తే గ్లాసుని కూడా అలాగే వెలుగుకెత్తి చూసింది. ఏమీ కనపడలేదు, అంత మెత్తగా నూరాను. అయినా నా చేతికే తిరిగిచ్చింది. "సగం నువ్వు తాగు, సగం నేను తాగుతా. నీకేం కాకపోతే నాకూ ఏం కాదు" అంది.

ఏం చెయ్యమంటావు? తాగాను. ఆ గాజు గ్లాసు మీద పువ్వు బొమ్మ ఉంటుందిగా, పాలు దాని కాడ దగ్గరికి దిగేదాకా వేలుపెట్టి చూపిస్తూ తాగించేది. ఆ తర్వాతే తను తాగేది. రోజూ ఇంతే. పద్నాలుగు నెలలు.

గుణం కనిపించడం లేదని నీకు రాశాను. నువ్వు డాక్టరుకి చెప్పావు. అమ్మ మొత్తం మందు తాగుతోందనుకుని ఆయన రెట్టింపు చేశారు. నాకూ రెట్టింపైంది. బల్ల మీద తల పెడితే గంట కొట్టినా వినపడదు. నోరు ఎండిపోయి, పాఠం చదవమంటే నాలుక తిరగదు. వెనక బెంచీవాళ్లు నాకు 'దిండు' అని పేరు పెట్టారు. నువ్వు పెట్టిన పేర్లకంటే అదే నయం.

నీకెందుకు చెప్పలేదా? చెబితే వచ్చేస్తావని కాదు, రావని తెలుసు. చెబితే ఆపెయ్యమంటావు. ఆపేస్తే ఆ సగం మందు కూడా అమ్మకి పోదు. నిజం అమ్మకి చెబితే నా చేతి తిండి కూడా మానేస్తుంది. లోకం మొత్తం మీద తను నమ్మేది నన్నొక్కదాన్నే, కలిపేదీ నేనే. తిండిలో ఏదో కలుస్తోందని తను ఏడుస్తుంటే, "నీ భ్రమ అమ్మా" అని నా నోటితోనే అన్నాను. రోజూ అన్నాను. నా మీద నాకు అసహ్యం వేసేది. అందులో సగం నీకు కూడా చెందుతుంది, తీసుకో.

పోయిన వారం మంగళవారం బడి మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాను. లెక్కల టీచరు తన స్కూటరు మీద ఇంటికి తెచ్చి దింపారు. తలుపు తియ్యని అమ్మ, కిటికీలోంచి నన్ను చూసి తీసింది.

"మీ అమ్మాయి ఏం తింటోందండీ? నిలబడలేకపోతోంది" అన్నారు టీచరు.

అమ్మ నన్ను లోపలికి లాగి గడియ పెట్టింది. వండినదంతా చెత్తబుట్టలో పోసేసింది. "నాకు పెట్టింది నీకు తగిలిందే. నా వల్లే తగిలింది" అని తల బాదుకుంది. సాయంత్రం దాకా నన్ను చుక్క నీళ్లు కూడా ముట్టుకోనివ్వలేదు. చివరికి నాకు పిచ్చికోపం వచ్చి అరిచేశాను. "ఎవరూ పెట్టలేదమ్మా! నేనే పెట్టాను. మందు. అక్క పంపింది, నేను కలిపాను."

రెండు రోజులు నా మొహం చూడలేదు. బిస్కెట్ల పొట్లం తనే చింపుకుని తింది, నాకో వాటా బల్ల మీద పడేసింది. మూడోరోజు పొద్దున్న నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రోజూ పాలల్లోనేనా?"

"ఆఁ."

"సగం నువ్వు తాగావుగా?"

"ఆఁ."

"అంటే నాకొచ్చింది సగమే."

"ఆఁ."

"నీ మొహం! పదో తరగతి చదువుతున్నావు, లెక్క తెలీదా? ఏదీ, ఆ బిళ్ళ చూపించు."

తెచ్చిస్తే కిటికీ దగ్గరికెళ్లి రెండువైపులా తిప్పి చూసింది. "గీత ఉంది" అంది. సగానికి విరుచుకోవడానికి పెడతారమ్మా అన్నాను. "చేతిలో పెట్టి చెబితే పోయేదిగా" అంది. చూశావా? మూడు నెలలు తూములో ఉమ్మింది ఎవరట? ఆ మాటే అనేశాను. అమ్మకి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

తర్వాత చెప్పులు వెతుక్కుంది. ఏడాది పైగా గడప దాటని మనిషి నా మణికట్టు పట్టుకుని వీధిలోకొచ్చింది. ఎదురయ్యే ప్రతి కిటికీకీ తల తిప్పుకుంటూ, గోడ పక్కగా నడిపించింది. వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. డాక్టరు ముందు కూర్చోకుండానే, "నా మందు నా పిల్ల తాగేసింది, చూడండి" అంది.

ఆయన మొదట నన్ను పరీక్ష చేశారు. తర్వాత తిట్టారు. నీ ఉపాయం విని నిన్ను ఇంకా బాగా తిట్టారు, కావాలంటే వచ్చి విను. ఆ మందు అమ్మకి పనిచెయ్యలేదని చెప్పడానికి లేదట, ఆయన రాసిన మోతాదు ఒక్కరోజు కూడా పూర్తిగా తన కడుపులోకి పోలేదు కాబట్టి. అమ్మని అడిగి, అమ్మకి చెప్పి, మొదట్నుంచీ మొదలుపెడతారట. నాకు ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. అందుకని నిద్ర ఇంకా ముంచుకొస్తూనే ఉంది.

అంతా చక్కబడిపోయిందని రాయడం లేదు. బుధవారం బిళ్ళ చేతిలో పెడితే వేసుకుంది. గురువారం కిటికీలోంచి విసిరేసింది. ఈరోజు నాతో ఒక అరగంట దెబ్బలాడి వేసుకుంది. ఇంకోసారి వెనకాల నుంచి ఏదైనా కలపమని రాశావంటే ఆ ఉత్తరం అమ్మకే చదివి వినిపిస్తాను. పన్నెండున రాదలుచుకుంటే కారు లేకుండా రా. వచ్చి, పాడుతూ ఒక్కరోజు స్నానాల గది బయట నిలబడు. అప్పుడు మాట్లాడదాం మన చేతుల్లో ఉందో లేదో.

నీ కాగితాలు తిప్పి పంపుతున్నాను. వాటిని నేను పుస్తకాల అడుగున దాచాను. నిన్న మధ్యాహ్నం నిద్ర లేచేసరికి బల్ల మీద పరిచి ఉన్నాయి, పక్కన అమ్మ పాత భూతద్దం. మొత్తం చదివినట్టుంది. సంతకం చోట ఏమీ లేదు. మూడో పేజీలో 'ఇంటి వద్ద రోగిని చూసుకునేవారు' అన్న గడి ఉంది. అందులో నువ్వు నీ గుండ్రటి దస్తూరీతో 'ఎవరూ లేరు' అని రాశావు. ఆ ముక్క నేను కాగితాలు వచ్చినరోజే చూశాను. చూసి ఏడ్చాను కూడా, ఆ సంగతి నీకు రాయకూడదనుకున్నాను.

అమ్మ దాన్ని అడ్డంగా కొట్టేసింది. పక్కనున్న కాస్త ఖాళీలో చిన్న అక్షరాలతో రాసింది. 'ఉంది. పడుకుంది. లేపకండి.'

ఇట్లు,
అమ్మ చిన్న కూతురు