కర్రిగాడికి శనివారం రొట్టె

నంద్యాల
9-6-1997

చిరంజీవి తమ్ముడు మల్లికార్జునకు అక్క పద్మావతి దీవెనలు.

రక్షిత తప్ప అందరం బాగున్నాం. నాలుగేళ్ల పిల్లకు నెల తిరక్కుండా జ్వరం. డాక్టరు మందులు వాడుతున్నాం. పాణ్యం నుంచి వచ్చిన జోస్యుడు మాత్రం శనిదోషమన్నాడు. శనివారం నల్లకుక్కకు పిల్ల తన చేత్తో, బెల్లం రాసిన జొన్నరొట్టె నోటికి అందించాలట. అప్పటినుంచి మా అత్తకు నీ కర్రిగాడు తప్ప వేరే దేవుడు కనపడడం లేదు. ఈ శనివారం పొద్దున బస్సుకు ఆళ్లగడ్డ వస్తాం.

ఇట్లు
నీ అక్క పద్మావతి

తా.క.: ఆరోజు కుక్కకు నీసు పెట్టొద్దని అత్త రాయమంది. మన ఇళ్లల్లో నీసెక్కడిదంటే, "కుక్కల సంగతి నీకేం తెలుసు" అంది.

ఆళ్లగడ్డ
12-6-1997

అక్కకు నమస్కారాలు.

ఈ శనివారం రావద్దు. కర్రిగాడు మంచివాడే. అంగడికి కాపలా వాడే. పిచ్చి రాకుండా ఏటా పశువుల ఆసుపత్రిలో సూది వేయిస్తున్నాను. అయినా వాడు రక్షితను ఎన్నడూ చూడలేదు. వాడి నోరూ పిల్ల మొహమూ ఒకే ఎత్తు. తిండి దగ్గర ఎంత మంచి కుక్కకైనా బుద్ధి మారుతుంది. నాకు కొంచెం గడువివ్వు.

ఇట్లు
మల్లికార్జున

తా.క.: మేమేం తింటే కర్రిగాడూ అదే తింటాడు. ఏకాదశి ఉపవాసానికి మాత్రం ఒప్పుకోడు.

నంద్యాల
15-6-1997

తమ్ముడికి, రాయాలి కాబట్టి రాస్తున్న దీవెనలు.

నీ ఉత్తరం విని అత్త తల పట్టుకుంది. పిల్ల దోషం కర్రిగాడికి చుట్టుకుంటుందని నీ భయమట. "మీ తమ్మునికి మేనకోడలి కంటే కుక్కే ఎక్కువైందే పద్మా" అంది. రక్షిత పుట్టినప్పుడు ఆసుపత్రిలో దాన్ని మొదట ఎత్తుకున్నది నువ్వే కదప్పా. చాలా బాధగా ఉంది.

ఇట్లు
పద్మావతి

తా.క.: దోషం అంటకుండా కుక్క మెడకు కట్టమని అత్త తాయెత్తు పంపుతోంది. నలుపు మీద ఎరుపు బాగుంటుందని గుడ్డ తనే ఏరింది.

ఆళ్లగడ్డ
24-6-1997

అక్కకు నమస్కారాలు.

దోషానికి నేనెందుకు భయపడతాను? నా భయమంతా రక్షిత వేళ్ల గురించి. మొన్న కర్రిగాడు అన్నం తింటుంటే పక్కింటి మద్దిలేటి కొడుకు తోక లాగాడు. కుక్క గుర్రుమంది, అంతే, కరవలేదు. కానీ నాకు అక్కడ మన పిల్లే కనిపించింది.

అందుకే కర్రిగాడికి పిల్లల అలికిడి అలవాటు చేస్తున్నాను. రక్షిత పట్టీల చప్పుడు కొత్తగా ఉండకూడదని నీ మరదలు భ్రమరాంబిక పట్టీలు చేతికి కట్టుకుని, పిల్ల గొంతుతో మాట్లాడుతూ వాడి చుట్టూ తిరుగుతున్నాను. "శెట్టికి ఏందప్పా అయింది, గజ్జె కట్టినాడు" అని బజారంతా అడుగుతాంది.

ఇప్పుడు వాడు తల కూడా తిప్పడం లేదు. ఈ శనివారం రండి. గొలుసు నేను పట్టుకుంటాను. నోటికి అందించడం మాత్రం లేదు. రక్షిత రొట్టె పళ్లెంలో పెట్టి వెనక్కి రావాలి. వాడు తినేటప్పుడు, పడుకున్నప్పుడు దగ్గరికి పోకూడదు. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లను వాడి దగ్గర వదలకూడదు. ఇవన్నీ దానికి కథలాగా చెప్పి తీసుకురా.

ఇట్లు
మల్లికార్జున

తా.క.: తాయెత్తును కర్రిగాడు మింగేశాడు. పశువుల డాక్టరు భయం లేదన్నాడు. మరునాడు బయటికి వచ్చింది. మీ అత్తకు కావాలంటే కడిగి పంపుతాను.

నంద్యాల
1-7-1997

చిరంజీవి మల్లికార్జునకు పద్మావతి అత్త మహానందమ్మ ఆశీర్వదించి, ఎవరిచేతా రాయించక సొంతంగా రాస్తున్న ఉత్తరం.

ఇది మీ అక్కకు తెలియదు. తెలియనివ్వొద్దు.

శనివారం నువ్వు చెప్పినట్టే రక్షిత పళ్లెం పెట్టి వెనక్కి వచ్చింది. నోటికే అందించాలన్న జోస్యుడి మాట నన్ను లోపల పీకుతూనే ఉంది. పద్మ వంటింట్లో ఉంది. నువ్వు గొలుసు కొక్కేనికి తగిలించి, పిల్లను నాకు అప్పగించి, మజ్జిగ తేవడానికి లోపలికి పోయావు. పిల్ల బదులు నేను పెడితే ఏం పోయిందని, పళ్లెంలో రొట్టెముక్క కోసం వంగాను. కుక్క పళ్లు బయటపెట్టి గుర్రుమంది. నా చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.

రక్షిత అరవలేదు. రెండు చేతులా నా కొంగు పట్టి వెనక్కి లాగింది. "జేజీ, కర్రిగాడు తింటాండాడు. ఆడికి పోగూడదు. మామ చెప్పినాడంట" అంది. ఈ వయసులో నా వేళ్లు నాకు దక్కాయంటే ఆ పిల్ల చలవే.

నీకు కుక్కే ఎక్కువన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది నాయనా. పిల్లను ఇంతగా కాచుకునే మేనమామ ఉండగా శని ఏం చేస్తాడు? జ్వరం సంగతి డాక్టరు చూసుకుంటాడు. రక్షిత కర్రిగాడి కోసం గొడవ చేస్తోంది, వచ్చే శనివారం మళ్లీ వస్తాం.

ఇట్లు
మహానందమ్మ

తా.క.: ఈసారి లోపలికి పోవాల్సి వస్తే పిల్లను నాకు అప్పగించొద్దు. నన్ను పిల్లకు అప్పగించి పో.