టైరు దీపం, శుక్రవారం ముహూర్తం

దిల్‌సుఖ్‌నగర్,
శుక్రవారం

జోగారావు గారికి మారయ్య నమస్కారం చేసి రాసేది,

మేమంత బాగున్నం. పొద్దున ఎనిమిదింటికి పెండ్లిచూపులకు వస్తమంటిరి. నేను చీరల దుకాణం బంద్ పెట్టిన. మా అరుణశ్రీ డ్యూటీకి సెలవు పెట్టి, పట్టుచీర కట్టుకొని పదకొండు దాక కూసున్నది. మీరు రాలే, కబురు లేదు. ఫోన్ల మాటకు మాట పెరుగుతదని, పెండ్లిళ్లు కుదిర్చే విశ్వేశ్వరరావు ఉత్తరమే రాయమన్నడు. ఎల్బీనగర్ నుంచి రానీకి మీకు అడ్డమొచ్చింది ఏంది?

ఇట్లు,
మారయ్య

తా.క.: ఉప్మా చల్లారింది. నలుగురి ఉప్మా నేనే తిన్న.


ఎల్బీనగర్,
శనివారం

మారయ్య గారికి నమస్కారాలు.

తప్పు మాది కాదండీ, కారుది. తాళం తిప్పగానే టైర్లో గాలి తగ్గిందని పసుపు దీపం వెలిగింది. నేను ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా రిటైరైనవాణ్ణి. దీపం వెలిగితే బండి కదలదు. బయల్దేరేటప్పుడు ఆగమని దీపం వెలగడం అపశకునమని మా ఆవిడ శేషారత్నం అంది. శాస్త్రం, శకునం ఒకే మాట చెప్పడం మా ఇంట్లో ఇదే మొదలు. పదిన్నరకు ఎండెక్కి దీపం ఆరింది. సరిగ్గా అప్పుడే రాహుకాలం మొదలైంది. ఇక మీరే చెప్పండి. వచ్చే శుక్రవారం తప్పకుండా వస్తాం.

భవదీయుడు,
జోగారావు

తా.క.: మెట్రోలో రమ్మంటారేమో. మగపెళ్లివారం పళ్లబుట్టలతో ఎస్కలేటరెక్కితే ఏం బాగుంటుంది?


దిల్‌సుఖ్‌నగర్,
శుక్రవారం

జోగారావు గారూ,

రెండో శుక్రవారం గూడ గదే దీపమని విశ్వేశ్వరరావుతోని కబురు పంపుతరా? గాలి తక్కువైతే కొట్టియ్యాలె గని మనుషులను పరేషాన్ చేస్తరా? మీర్‌పేట్‌ల పంక్చర్ దుకాణమున్న మా మేనల్లుడు నరేష్‌కుమార్‌ను పంపుతున్న. ఆయన చూస్తడు.

మారయ్య

తా.క.: దీపం ఉన్నదో లేదో గూడ చూస్తడు.


ఎల్బీనగర్,
శుక్రవారం

మారయ్య గారూ,

మీ మేనల్లుడు వచ్చాడు. టైర్లను కాలితో తన్ని, "గాలి ఫుల్ ఉన్నది, దీపమే అబద్ధం చెప్తున్నది" అన్నాడు. అయినా గాలి కొట్టాడు, దీపం ఆరింది. తీరా ఈ మూడో శుక్రవారం పొద్దున చలికి మళ్లీ వెలిగింది. అది సరే. ఆ కుర్రాడు వెళ్తూ, "కారు వీళ్లదేనా, కిరాయిదా?" అని మా వాచ్‌మన్‌ను అడిగాడట. మా ఆవిడ ఆ పూట అన్నం తినలేదు.

జోగారావు

తా.క.: దీపం ఈసారీ రాహుకాలం రాగానే ఆరిపోయింది. పంచాంగం తెలిసిన కారని మా ఆవిడ దానికి దణ్ణం పెడుతోంది.


దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం

జోగారావు గారికి,

ధనుర్మాసం నెత్తి మీదున్నది. వస్తే ఇగ నెల దాక పెండ్లి మాట ఉండది. వచ్చేది ఆఖరి శుక్రవారం. తొమ్మిది దాక చూస్త. దాటితే పిల్ల డ్యూటీకి పోతది, సంబంధం ఖతం.

మారయ్య

తా.క.: ఆ దీపం మీద బొట్టుబిళ్ల అంటించుకొని రమ్మని మా ఇంటామె రాధమ్మ చెప్పమన్నది.


ఎల్బీనగర్,
శుక్రవారం సాయంత్రం

మారయ్య గారికి,

మీ శ్రీమతి చెప్పినట్టే బొట్టుబిళ్ల అంటించి బయల్దేరాం. దీపం కనబడలేదు కనుక మా ఆవిడా ఊరుకుంది. కొత్తపేట దగ్గర ఒక టైరు పూర్తిగా కూలబడింది. చూస్తే అందులో మేకు. దీపం మొదటినుంచీ నిజమే చెబుతోందండీ. స్టెప్నీ మార్చడం నాకూ రాదు, మా అబ్బాయి కార్తీక్‌కూ రాదు. తొమ్మిది దాటిపోయింది.

అప్పుడు స్కూటీ మీద డ్యూటీకి వెళ్తున్న ఒకమ్మాయి ఆగింది. హెల్మెట్ తీసి కార్తీక్‌ను ఎగాదిగా చూసింది. బొట్టుబిళ్ల చూసి పడీపడీ నవ్వింది. చక్రం మార్చి ఇచ్చింది. మావాడు నట్లు పట్టుకుని నిలబడ్డాడు. చేసుకుంటే ఈ అమ్మాయినే అంటున్నాడు. మా ఆవిడా సరేనంది. కనుక మన్నించాలి, మీ సంబంధం మాకు కుదరదు. మీ అమ్మాయి ఫొటో నిండా నగలూ మేకప్పే. మనిషి ఎలా ఉంటుందో మాకు అర్థం కాలేదు.

ఒక్క సాయం చేయండి. ఈ పిల్ల పేరు అరుణ అట. తండ్రికి దిల్‌సుఖ్‌నగర్‌లోనే పోచంపల్లి చీరల దుకాణమట. మీదీ అదే వ్యాపారం కదా, మనుషులు ఎలాంటివాళ్లో కనుక్కుని రాయగలరు.

భవదీయుడు,
జోగారావు

తా.క.: తండ్రి కొంచెం కోపిష్ఠి అని ఆ అమ్మాయే చెప్పింది. పెళ్లిచూపులకు వస్తామన్నవాళ్లెవరో కారులో దీపం వెలిగిందని ప్రతి వారం ఎగ్గొట్టారట. పొద్దున ఆయన టీ గ్లాసు విసిరేశాడట. లోకంలో మాలాంటివాళ్లు ఇంకా ఉన్నారన్నమాట! మీరు నెమ్మదస్తులు, ఆయనకు కాస్త నచ్చజెప్పండి.