రాయి అయ్యేదాకా

పావని నాన్నకు,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున బియ్యం కడిగాను, మీ అమ్మకు టీ పెట్టాను. ఏడుపు రాలేదు.

ఆకు అచ్చు పడిన రాయిని బొగ్గు గని నుంచి తెచ్చావు కదా. బురదలో పడ్డ ఆకు రాయిలో ఎలా మిగులుతుందో నువ్వు చెప్పిందంతా పావనికి గుర్తుంది. ఇవాళ పుట్టమన్ను తడిపి, నీకు విస్తరి కుట్టగా మిగిలిన మోదుగాకును అందులో ఒత్తి, పక్కింటి పిల్లలకు చూపించింది. వాళ్లు వెళ్లాక నీ డ్యూటీ బూటు తెచ్చింది. మిగిలిన మన్ను గడప ముందు పరిచి, బూటును గట్టిగా ఒత్తింది.

"గిదేందే?" అన్నాను.

"నాన్న అడుగు. రాయి అయ్యేదాంక ఎవ్వలూ తొక్కద్దు."

"దానికి లక్షల ఏండ్లు పడ్తదని మీ నాన్నే చెప్పిండు గదనే."

"అవ్. పడనియ్యి."

వంగి చూశాను. అడుగు ముందు భాగం ఇంటి వైపు ఉంది.

"డ్యూటీకి పోయేటట్టు కాదమ్మా, వచ్చేటట్టు పెట్టిన" అంది.

సాయంత్రం వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాను. ఆ ఒక్కచోట చల్లలేదు.